కుట్టియానై మీద ఎండ

ఈ ఆడి నెలలో, అంటే తమిళుల ఆషాఢంలో, అత్తను ఎక్కించుకుని దక్షిణానికి పోతూ, వాడిపట్టి దాటాక ఒక టీకొట్టు దగ్గర బండి ఆపాను. మా పక్కనే ఇంకో బండి నిలబడి ఉంది. వెనక తొట్టిలో చిన్న గుడారం, దాని మీద మెరిసే సోలార్ పలక, కింద రెండు మడత కుర్చీలు. ఎక్కడినుంచో ఊళ్ళు చూడ్డానికి బయల్దేరిన కుర్ర జంట. సూట్‌కేసంత బ్యాటరీ పెట్టెకు చిన్న కరెంటు పొయ్యి తగిలించి కాఫీ కాచుకుంటున్నారు.

టీ గ్లాసు పట్టుకుని దగ్గరికి పోయాను. నాకు తెలియకుండానే నా చెయ్యి ఆ పలక మీదికి పోయింది. అరచెయ్యి కాదు, చేతి వెనకవైపు. పసిబిడ్డకు జ్వరం ఉందేమోనని చూసినట్టు ఆనించి, "కాగింది" అన్నాను.

ఆ పిల్ల నవ్వి, "ఎందుకు అలా చూస్తారు?" అని తమిళంలో అడిగింది. వెనక్కి తిరిగితే అత్త మా బండిలోంచి నన్నే చూస్తోంది. అలా చేతి వెనకవైపుతో చూడటం ఎవరిదో మా ఇద్దరికీ తెలుసు. మామది. నాలుగు నెలల కిందట, పంగునిలో పోయాడు.

మామ అంటే మా అమ్మకు అన్న. కోయంబత్తూరు పక్క తుడియలూరులో పంపుసెట్టు మోటార్లకు రాగితీగ చుట్టే షెడ్డు ఆయనది. ఆయన్ను గురించి చెప్పమంటే ఎప్పుడు పుట్టాడు, ఏం చదివాడు అని మొదలుపెట్టడం నాకు చేతకాదు. తల పక్కకు వంచి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, ఎదుటివాళ్ళ మొహంలోకి కాక వాళ్ళ చేతిలో ఉన్న వస్తువులోకి చూస్తూ ఏదో ఒకటి అడుగుతున్న మనిషే నాకు గుర్తుకొస్తాడు. లారీ డ్రైవరు కనిపిస్తే, "రాత్రి పండుకొనేటప్పుడు మీ బండిలో ఫ్యాను దేంతో తిరుగుతాది?" పెళ్ళిలో విస్తరి ముందు కూర్చుని వడ్డించేవాణ్ణి ఆపి, "గుండిగ కింద అగ్గి నడుమ ఎక్కువ పెడతారా, అంచున పెడతారా?" వాడు ఏదో ఒకటి చెప్పి పోబోతే, "చూస్తే ఏం పోతాది?" అని విస్తరి వదిలి వంటశాలకు నడిచేవాడు. అత్త ఆ విస్తరి మీద ఇంకో ఆకు బోర్లించి కాపలా కూర్చునేది.

నేను పంపుల ప్యాకింగులో పనిచేస్తాను. సాయంత్రాలు లైబ్రరీలో గడుపుతాను. బడిలో చదివింది తమిళమే. ఇంట్లో మాట్లాడే తెలుగుకు అక్షరాలు ఎలా ఉంటాయో చూడాలని, లైబ్రరీలో ఎవరూ ముట్టని ఒక మూల బీరువాలో దొరికిన వాచకం పెట్టుకుని నా అంతట నేను నేర్చుకున్నాను. ఆ సంగతి ఇంట్లో అందరికంటే ఎక్కువ సంబరపడి ఊరంతా చెప్పినవాడు మామే. తమిళంలో గ్రంథాలయాన్ని నూలకం అంటారు. నా పేరు ఆయన నోట అదే అయిపోయింది.

"ఏమే నూలకం, రేపు పోతావు గదా. ఈ ప్రశ్న పట్టుకొని పో."

ఒకసారి పట్టుకుపొమ్మన్న ప్రశ్న ఇది: నిన్నటి ఎండ బ్యాటరీలో ఏ రూపంలో ఉంటుంది? నేను రెండు పుస్తకాలు తిరగేసి వచ్చి చెప్పాను. "ఎండగా ఉండదు మామా. లోపల సీసం, ఆమ్లం ఒకదాన్నొకటి మార్చుకుంటాయి. ఆ మార్పుగానే ఉంటుంది."

"అంటే ఎండను మరిచిపోయి ఉండాదా?"

"మరిచిపోవడానికి దానికి మనసుందా?"

"అదే నేనూ అడిగేది," అన్నాడు. జవాబు దొరికితే మామ మొహం కొంచెం చిన్నబోయేది. వెంటనే దానికి ఇంకో ప్రశ్న తగిలిస్తే గానీ తేరుకునేవాడు కాదు.

అన్నిటి గురించీ అడిగేవాడు గానీ, ఫలానాది ఇవ్వమని మాత్రం ఎవరినీ అడిగేవాడు కాదు. పక్క షెడ్డులో నిచ్చెన కళ్ళెదుటే కనిపిస్తున్నా, రెండు డ్రమ్ములు ఒకదాని మీద ఒకటి పెట్టి ఎక్కేవాడు. ఆ పక్క షెడ్డు ఆయన సొంత తమ్ముడిది, మా చిన్నమామది. ఒకప్పుడు రెండూ కలిపి ఒకే షెడ్డు. పంచుకున్నాక నడుమ గోడ లేచింది. అన్నదమ్ముల మధ్య మాటలు పోలేదు, ఇవ్వమని అడగడాలు పోయాయి. గోడకు అవతలి కరివేపాకు చెట్టు కొమ్మ ఇవతలికి వంగినా, అత్త సంతకు పోయి కరివేపాకు తెచ్చుకునేది.

"అడిగితే చిన్నోడు వద్దంటాడా?" అనేది అత్త.

"వద్దనడు. అందుకే అడగను" అనేవాడు మామ.

ఇక సోలార్ సంగతి. దానికి మూలం అత్త జబ్బు.

అత్తకు నిద్రలో ఊపిరి ఆగిపోతుంది. ఒకరోజు పొద్దున్నే ఎంత లేపినా లేవక అందరినీ హడలగొట్టింది. అప్పటినుంచి ముక్కుకు తొడుగు పెట్టుకుని, చిన్న మిషను గొట్టంలోంచి గాలి తోస్తూ ఉంటేనే పడుకోవాలి. ఒక్క రాత్రి కూడా అది లేకుండా కన్ను మూయవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆ గొట్టానికి అత్తే తొండం అని పేరు పెట్టింది.

మిషనుకు కరెంటు కావాలి. మామ వాళ్ళ వంశదేవత ఉన్న చోట కరెంటు లేదు. రాదు కూడా.

మదురైకి దక్షిణాన నల్లరేగడి నేలలో ఆ అమ్మ ఉంది. ఆడి నెలలో వంశంలోని కుటుంబాలన్నీ అక్కడికి పోయి, రాత్రి ఆరుబయట పడుకుని, పొద్దున పొంగలి పెడతాయి. దానికి ఒక కట్టుబాటు ఉంది. బదులగ్గి తేకూడదు. బదులు అంటే మావైపు అప్పు. పూర్వం ఉత్తరాన్నుంచి వలస వచ్చేటప్పుడు దారిలో ఎవరినో నిప్పు అడిగి వాళ్ళకు లొంగి ఉండాల్సి వచ్చిందట. అప్పటినుంచి ఎవరి పొయ్యి నిప్పు వాళ్ళే మోసుకుపోతారు. ఒకప్పుడు కుండలో కణికలు, ఇప్పుడు ఇంటి పొయ్యిలో ముట్టించిన లాంతరు. కార్లలో ఏసీ ఆపి, అద్దాలు సందు వదిలి, కాళ్ళ మధ్య లాంతరు పట్టుకుని చెమటలు కారుతూ పోతారు. లైను కరెంటు ఊరందరి సొత్తు కాబట్టి అదీ బదులగ్గే. అద్దె జనరేటరు సంగతి చెప్పనే అక్కర్లేదు. ఫోను ఉండొచ్చు, అందులో టార్చి వెయ్యకూడదు.

ఇంకో మాట. పొంగలి కుండ పొయ్యి మీద పెట్టేది వంశంలో పెద్దకోడలు. ముందురోజు రాత్రి అమ్మ నేల మీద పడుకున్న కోడలే కుండ ముట్టాలి. అత్తే పెద్దకోడలు. జబ్బు వచ్చినప్పటినుంచి ఆ కుండ ఇంకెవరో పెడుతున్నారు. ప్రతి ఆడికీ అత్త ఇంట్లో లాంతరు తుడిచి, నూనె పోసి, ముట్టించి మామ చేతికి ఇచ్చేది. గేటు దాకా వచ్చి బండి మలుపు తిరిగేదాకా నిలబడేది. పల్లెత్తు మాట అనేది కాదు. మామ అదీ ఒక ప్రశ్నగానే తీసుకున్నాడు.

పాత లోడుబండి ఒకటి కొన్నాడు. ఆ చిన్న బండిని మావైపు కుట్టియానై అంటారు, అంటే ఏనుగుపిల్ల. తొట్టికి రేకు పైకప్పు వేసి, కప్పు మీద సోలార్ పలకలు బిగించాడు. మొదటిసారి బిగించినప్పుడు ఆడిగాలికి ఒక పలక లేచిపోయి అవతల జొన్నచేలో పడింది. చేను ఆసామి కేకలేస్తూ వస్తే, "ఎంత దూరం ఎగిరిందో చూద్దామాప్పా?" అని టేపు తీశాడు. ఆ ఆసామి ఒక కొస పట్టుకోక తప్పలేదు. పలకల మీద దుమ్ము కొబ్బరి చీపురుతో తుడిచేవాడు. మధ్యాహ్నం బండి నీడలో కూర్చుని, "అది ఎండ తాగతా ఉండాది, నేను నీడ తాగతా ఉండా" అనేవాడు. ఇంట్లో ఇన్వర్టరుకు వాడి పాతబడిన పెద్ద బ్యాటరీ తెచ్చి తొట్టిలో పెట్టాడు. పరుపు వేశాడు. అత్త మిషను తగిలించి చూపించాడు.

"ఏనుగుపిల్లకు తొండం రాలేదే అనుకొంటా ఉంటి. నేను తెచ్చినా" అంది అత్త. ఆమె అంత గట్టిగా నవ్వడం చాలా రోజుల తర్వాత విన్నాను.

ఆడికి వారం ముందు పెద్దాయన ఫోను చేశాడు. మామకు పెదనాన్న. అమ్మ దగ్గర కట్టుబాట్లు చూసేది ఆయనే. అందరూ పెద్దాయన అనే అంటారు. ఫోను స్పీకర్లో పెట్టి మామ సంగతంతా ఉత్సాహంగా చెప్పాడు. అంతా విని పెద్దాయన అడిగాడు.

"సరేప్పా. ఆ బ్యాటరీ ఎక్కడ నింపితివి?"

"ఇంట్లోనే. ప్లగ్గుకు పెట్టినా."

"ఇంట్లో ప్లగ్గులోకి వచ్చేది ఎవురి కరెంటు?"

అత్త చేతిలో గిన్నె అలాగే ఆగిపోయింది. మామ మొహం మాత్రం వెలిగిపోయింది. "అవును గదా! ఎవురిది ఆ కరెంటు? ఆలోచించనే లేదు చూడండి" అని ఫోను పెట్టేసి మా ఇద్దరివైపూ తిరిగాడు. "విన్నారా? ఎంత మంచి ప్రశ్న!"

"నీకు ప్రశ్న దొరికింది" అంది అత్త. "నాకు?"

మామ నవ్వు తగ్గింది. కళ్ళజోడు నుదుటి మీదనుంచి కిందికి దించుకున్నాడు. ఆయన అలా దించుకోవడం అరుదు. "నువ్వు ఈ ఆడికి అక్కడ పండుకొంటావు" అన్నాడు.

ఆయన వేసిన ఎత్తు ఇది. ఎండ ఎవరికీ అప్పు పడేది కాదు, దాన్ని పెద్దాయన కూడా కాదనలేడు. బ్యాటరీలో ఉన్న లైను కరెంటు మొత్తం దారిలో పారబోసి, ఖాళీ బ్యాటరీని ఉత్త ఎండతో నింపి, అప్పుడు అమ్మ ఎల్లలోకి తీసుకుపోవాలి. ఒకరోజు ముందే బయల్దేరాం. మామ తోలుతున్నాడు, అత్త నడుమ, నేను కిటికీ పక్కన. అత్త పాదాల మధ్య లాంతరు. కోయంబత్తూరు దాటేదాకా మబ్బు. దిండిగల్ దాటాక ఆకాశం విచ్చుకుంది. వాడిపట్టి దగ్గర రాత్రికి ఆగాం. చుట్టూ తెలిసినవాళ్ళ కొబ్బరితోటలు ఉన్నాయి. మామ మోటార్లు చుట్టి ఇచ్చిన రైతులే. కానీ తోటలో దిగాలంటే అడగాలి కదా. రోడ్డు వారగా సర్కారు ఖాళీ జాగాలో బండి పెట్టాడు. అత్త ఆ బ్యాటరీ కరెంటుతోనే తొండం పెట్టుకుని హాయిగా పడుకుంది. ఎల్ల బయట కాబట్టి దానికి తప్పు లేదు.

పొద్దున లేచేసరికి మామ బ్యాటరీకి పాత లారీ హెడ్‌లైటు బల్బులు వరసగా తగిలిస్తున్నాడు.

"మామా, ఇలాంటి బ్యాటరీని సగం కంటే కిందికి దించకూడదని పుస్తకంలో ఉంది. ఒట్టిపోయేదాకా వాడితే లోపలి సీసం పలకల మీద పెచ్చు కడుతుంది. మళ్ళీ ఛార్జి పట్టదు."

"నాకూ తెలుసు. షెడ్డులో ఎన్ని చూడలేదు?"

"మరి?"

"సగం ఉంచితే ఆ సగం బదులగ్గే గదా. దాని మీద ఎండ పోస్తే రెండూ కలవవా?"

"కలిసినా ఎవరికి తెలుస్తుంది?"

మామ నావైపు చూశాడు. "ఆ మాట నీ పుస్తకంలో రాసి ఉండాదా?"

పట్టపగలు ఎండలో బల్బులు వెలుగుతున్నాయి. పోయే ప్రతి మోటారుసైకిలు వాడూ "అణ్ణే, లైట్ ఎరియుదు!" అని అరిచి పోతున్నాడు. లైటు వెలుగుతోందని చెప్పడం. "తెలుసప్పా, ఆరిపోవాలనే చూస్తా ఉండా" అని మామ ప్రతివాడికీ ఓపికగా చెబుతున్నాడు. ఒకతను ఆగి, తల గోక్కుని, ఆరేదాకా మాతోపాటు నిలబడ్డాడు. బల్బులు పచ్చబడి, ఎర్రటి దారాలై, చివరికి గాజులో ఏమీ మిగల్లేదు.

"ఇప్పుడు ఇది పసిబిడ్డ" అన్నాడు మామ. పలకల మీద దుమ్ము దులిపి, వైర్లు మార్చి, చేతి వెనకవైపు పలకకు ఆనించాడు. "కాగింది."

దారి పొడుగునా ఎండే. మధ్యాహ్నానికే మీటరు బ్యాటరీ నిండిందని చూపించింది. మామ స్టీరింగు మీద వేళ్ళతో తాళం వేశాడు. నాకు మాత్రం నమ్మకం కుదరలేదు. ఇంత పెద్ద బ్యాటరీ ఇంత తొందరగా నిండదు. తొందరగా నిండినట్టు కనబడితే అది పట్టడం లేదని అర్థం. ఆ మాట చెప్పాను. "చూద్దాం" అన్నాడు. అత్త లాంతరు రెండు పాదాలతో ఇంకొంచెం గట్టిగా అదిమి పట్టుకుంది.

అమ్మ నేల అంటే పెద్ద కట్టడమేమీ కాదు. పగుళ్ళిచ్చిన నల్ల నేల, సున్నం కొట్టిన ఎల్ల రాళ్ళు, నాలుగు సీమతుమ్మ చెట్లు, పసుపు పూసిన రాళ్ళ వరస. కార్లన్నీ ఒక పక్క నిలబడి ఉన్నాయి. పెద్దాయన మడతమంచం మీద కూర్చుని, వచ్చినవాళ్ళ లాంతర్లు ఒక్కొక్కటే చూసి లోపలికి పంపుతున్నాడు. మామను చూసి, "బ్యాటరీ?" అన్నాడు.

"కడిగి ఆరేసి ఎండ పోసుకొని వస్తి."

పెద్దాయన మీసం కదిలింది. "సరి, లోపలికి తోలు."

పొద్దు వాలకముందే మిషను ఒకసారి నడిపి చూద్దామన్నాడు మామ. బండి పక్కన నేల మీద చాప పరిచి, తొట్టిలోంచి తొండం కిందికి దించి, అత్త ముక్కుకు తొడుగు పెట్టాడు. మిషను బుస్సుమంది. అత్త కళ్ళు మూసుకుంది. అలా కళ్ళు మూసుకుని ఆ నేల మీద ఆమె పడుకోవడం చూసి ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు దగ్గరికి వచ్చారు. అంతలో మీటరులో అంకె జారడం మొదలైంది. ఎర్రలైటు వెలిగింది. మిషను ఆగిపోయింది.

మామ కాసేపు ఆగి మళ్ళీ వేశాడు. మళ్ళీ ఆగింది.

"నిండుగా చూపించె గదా" అన్నాడు బ్యాటరీ ముందు గొంతుక్కూర్చుని. "అంతా ఇంత బిరబిరా ఎక్కడికి పోయింది?"

అత్త తొడుగు తీసి ఒళ్ళో పెట్టుకుంది. "నీకు మళ్ళీ ప్రశ్న దొరికింది" అంది.

ఎవరో బండి ఇంజను ఆపకుండా ఉంచితే సరి అన్నారు. "ఆ పొగలో పండుకొనేదానికి తొండం ఎందుకు?" అని అత్తే కొట్టిపారేసింది. బండి సొంత బ్యాటరీ చిన్నది, ఒక రాత్రికి చాలదు. అత్త లేచి చాప చుట్టడం మొదలుపెట్టింది. "ఊళ్ళో లాడ్జి ఉంటాది. నన్ను దింపేసి రా. వచ్చే ఆడికి చూద్దాం." ఆ 'చూద్దాం' మామదే. అయినా ఆమె నోట ఇంకోలా వినిపించింది.

అప్పుడు పెద్దాయన మంచం మీదనుంచే మాట్లాడాడు. "దారిలో లాంతరు ఆరిపోతే ఏం చేస్తారు?"

జవాబు కూడా ఆయనే చెప్పాడు. "పంగాళి లాంతర్లో ముట్టించుకోవచ్చు." పంగాళి అంటే దాయాది. "ఒక వంశం, ఒక అగ్గి. అది బదులు కాదు. కానీ ఎవురి లాంతరు ఆరిందో వాళ్ళే నోరు తెరిచి అడగాల. ఇస్తామని ఎవురూ ముందు పడకూడదు. అడగకుండా ఇస్తే అది దానం. అమ్మ ముందర దానం పట్టే చెయ్యి మన వంశంలో లేదు."

అందరికీ అర్థమైంది. అక్కడున్న ప్రతి కారులోనూ బ్యాటరీ ఉంది. సొంత ఇంజనుతో నిండిన బ్యాటరీ, పంగాళ్ళ బ్యాటరీ. అన్నిటికంటే దగ్గరగా నిలబడింది చిన్నమామ పాత కారు. చిన్నమామ దాని పక్కనే ఉన్నాడు. కారు తాళంచెవి వేలికి తగిలించుకుని ఒకసారి ఇటు, ఒకసారి అటు తిప్పుతున్నాడు. అన్నవైపు చూడటం లేదు. నోరు తెరవడానికి ఆయనకు వీల్లేదు.

నోరు తెరవాల్సింది మామ. నిచ్చెన అడగనివాడు, కరివేపాకు అడగనివాడు.

పొద్దు తుమ్మచెట్ల వెనక్కి దిగుతోంది. అత్త చాప చుట్టడం ఆపింది, మళ్ళీ పరచలేదు. మామ బ్యాటరీ వైపు చూశాడు, పలకల వైపు చూశాడు. అత్త ఒళ్ళోని తొడుగు వైపు చూశాడు. లేచి, మట్టి దులుపుకుని, తొట్టిలోంచి మీటరు తీసుకుని తమ్ముడి కారు దాకా నడిచాడు. అక్కడ మీటరు వైర్లు విప్పి, మళ్ళీ చుట్టాడు.

తర్వాత తల పక్కకు వంచి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, "చిన్నోడా, నీ బ్యాటరీలో ఏం ఉండాదో చూద్దామా?" అన్నాడు.

ఎవరో కిసుక్కున నవ్వారు. "ఇది అడిగినట్టా, ప్రశ్న వేసినట్టా?" అని ఇంకెవరో అన్నారు. అందరూ పెద్దాయన వైపు తిరిగారు.

పెద్దాయన తుండుతో మొహం తుడుచుకున్నాడు. "వాడికి తెలిసిన అడగడం అదొక్కటే. తెరవరా చిన్నోడా."

బానెట్ ఎంత గబుక్కున లేచిందంటే, చిన్నమామ చెయ్యి అప్పటికే దాన్ని తెరిచే మీట మీద ఉండి ఉండాలి. "చూడన్నా. పాతది. ఎంత ఉంటే అంత" అన్నాడు.

ఆ తర్వాత మామను పట్టుకోవడం ఎవరి తరం కాలేదు. ఒక్కదాంతో సరిపోదు కాబట్టి కారు కారుకూ తిరిగాడు. ప్రతిచోటా అదే మాట, "ఏం ఉండాదో చూద్దామా?" ఎవరూ కాదనలేదు. కొలిచి, సరిపోలే వాటినే ఎంచి, షెడ్డునుంచి తెచ్చుకున్న లావు రాగి తీగలతో అన్నిటినీ కలిపాడు. ఒక్కొక్కదాంట్లోంచి రవంత పోతే పొద్దున అందరి బండ్లూ కదులుతాయని లెక్క. చీకటి పడేవేళకు అత్త చాప మళ్ళీ పరుచుకుంది. మిషను బుస్సుమంది. ఈసారి ఆగలేదు.

పొద్దున కళ్ళు తెరిచేసరికి అత్త మూడు రాళ్ళ పొయ్యి ముందు ఉంది. తలస్నానం చేసి, ముక్కు మీద తొడుగు అచ్చు ఎర్రగా మిగిలి ఉండగా, మా ఇంటి లాంతరునుంచి కొబ్బరాకు ముట్టించి పొయ్యిలో పెట్టింది. కుండ ఎక్కించేటప్పుడు పక్కనుంచి పట్టుకోబోయిన ఆడవాళ్ళను మోచేత్తో తోసేసింది. పొంగు వచ్చినప్పుడు అందరూ కేకపెట్టారు. మామ మాత్రం, "పొంగు ముందు ఏ వైపు దిగింది? తూరుపా?" అని అందరినీ అడుగుతూ తిరిగాడు.

తిరుగు ప్రయాణంలో అన్ని బండ్లూ కదిలాయి, చిన్నమామది తప్ప. అది అసలే పాతది. చిన్నమామ లోపల కూర్చుని, సెకండ్ గేరులో వేసి, కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"అన్నా, అడగతా ఉండా. రవంత తొయ్యి."

మామ రెండు చేతులూ డిక్కీకి ఆనించి తోశాడు. నల్లమట్టిలో చెప్పులు జారుతుంటే విప్పి విసిరేసి తోశాడు. కారు దగ్గి, పొగ వదిలి, కదిలింది. ఆ దుమ్ములో నిలబడి మామ వెనక్కి తిరిగి చూసిన చూపును ఏ పుస్తకంలోనైనా చదివానా అని చాలాసార్లు వెతుక్కున్నాను.

పెచ్చుకట్టిన ఆ బ్యాటరీని షెడ్డులో ఒక మూల పెట్టుకున్నాడు. పారేయమంటే, "ఇంకా చెప్పాల్సింది ఏమైనా ఉంటాది" అనేవాడు. మరుసటి ఏడాది లిథియం పెట్టె కొన్నాడు. ఎంత దించినా పాడుకాదు, ఎండను ఆబగా తాగుతుంది, అత్తకు రెండు రాత్రులైనా సరిపోతుంది. ఇక ఎవరినీ అడిగే పని లేదు. అయినా ప్రతి ఆడికీ, పొద్దు వాలే వేళకు మీటరు పట్టుకుని కార్ల దగ్గరికి పోయేవాడు. "ఏం ఉండాదో చూద్దామా?" వాళ్ళు బానెట్లు తెరిచేవాళ్ళు. చూసి, తల ఊపి, తర్వాతి కారుకు పోయేవాడు. అత్త సంత సంచిలో కరివేపాకు కట్ట కనిపించడం ఎప్పుడు మానేసిందో నేను గమనించలేదు.

ఈ ఆడికి వాడిపట్టిలో ఆ కుర్ర జంటను వదిలి మేం అమ్మ ఎల్ల దగ్గరికి వచ్చేసరికి సాయంత్రమైంది. అత్త లాంతరు చూపించింది. పెద్దాయన ఈసారి బ్యాటరీ సంగతి అడగలేదు. చాప పరిచాను, తొండం దించాను. పెట్టె మీద గీతలన్నీ పచ్చగా వెలుగుతున్నాయి. నిండుగా ఉంది.

పొద్దు వాలింది. కార్ల దగ్గర జనం ఉన్నారు గానీ ఏ బానెటూ లేవలేదు. చిన్నమామ తన కారు పక్కన నిలబడి తాళంచెవి ఇటూ అటూ తిప్పుతున్నాడు.

అత్త నిండుగా ఉన్న పెట్టెను ఒకసారి చూసింది. స్విచ్చి నొక్కి ఆపేసింది. పచ్చగీతలు ఆరిపోయాయి. తొట్టిలోంచి మామ మీటరు తీసుకుంది. అది ఎటు పట్టుకోవాలో కూడా ఆమెకు తెలియదు. వైర్లు నేల మీద ఈడుస్తూ మరిది కారు దాకా నడిచింది.

"చిన్నోడా, నీ బ్యాటరీలో ఏం ఉండాదో చూద్దామా?"

చిన్నమామ బానెట్ ఎత్తి పట్టుకున్నాడు. నేను పరుగున పోయి మీటరు తగిలించి అంకె చదవబోయాను. అత్త అంకె కోసం ఆగలేదు. చెయ్యి వెనక్కి తిప్పి, దారంతా ఎండలో వచ్చిన ఆ ఇంజను పక్కగా, బ్యాటరీ మీద ఆనించింది.

"కాగింది" అంది. "ఈ రాత్రికి తొండానికి మొదట దీన్ని పెట్టు."